వేడెక్కితే ఆగిపోయే పద్మిని: ఒక బండి, రెండు జబ్బులు

యూరప్ డిజైన్ పాత కార్ల మీద మన దగ్గర ఒక ముద్ర ఉంది: చూడ్డానికి బాగుంటాయి, నమ్మి దూరం వెళ్లలేం అని. ఆ చెడ్డపేరులో కారు వాటా ఎంత, దాన్ని రిపేరు చేసినవాళ్ల వాటా ఎంత అన్నది విడదీసి చూసేవాళ్లు తక్కువ. విడదీయాలంటే బండి చరిత్ర తెలియాలి, అది చాలా బండ్లకు దొరకదు. ఈ కేసులో దొరికింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

బండి 1986 ప్రీమియర్ పద్మిని. పెట్రోలు, 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనే గేరు లివరు. ఓనర్ గుంటూరులో రిటైరైన లెక్చరర్ గారు. కొన్నది ఆయన తండ్రి, ప్రభుత్వ డాక్టరు. ఆ రోజుల్లో ఆంధ్రాలో కారు కొనగలిగిన ఇళ్లలో ఒక వాదన ఉండేది. పల్లె రోడ్లకీ, ఎక్కువమంది ఎక్కడానికీ అంబాసిడర్. టౌన్లో తిరిగే డాక్టర్లకీ, బ్యాంకు ఆఫీసర్లకీ ఫియట్. పద్మిని అని పేరు మారిన తర్వాత కూడా మా ఆటోనగర్‌లో దాన్ని ఫియట్ అనే అంటారు. పేరు మారినా లోపల కారు అదే కదా. ఇటలీలో ఫియట్ 1100 కొత్త రూపంలో 1953లో వచ్చింది. దాని తర్వాతి మోడల్‌ని బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఫ్యాక్టరీలో 1964 నుంచి తయారు చేశారు. చిన్నచిన్న మార్పులతో అదే కారు 2000 ప్రాంతం దాకా వచ్చింది. ట్యూరిన్ చలికి గీసిన ఇంజినూ, దాని పెట్రోలు పైపుల దారీ మన రోహిణి కార్తె ఎండలో అంతకాలం తిరిగాయి.

ఫిర్యాదు

2025 ఎండాకాలం మొదట్లో బండి మా షెడ్డుకి వచ్చింది. మాస్టారు చెప్పింది ఇది: "పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. హైవే మీద బాగా పోతుంది. కాజ టోల్ దగ్గర లైన్లో నిలబడితే చాలు, వణికి ఆగిపోతుంది. ఇక అరగంట దాకా లేవదు."

గుంటూరు నుంచి విజయవాడ వచ్చే దారిలో అది ఎప్పుడూ అక్కడే ఆగేది. దాంతో ఇంట్లోవాళ్లు ఆ బండెక్కడం మానేశారు. అమ్మేయమని పిల్లలు పోరు పెడుతున్నారు. "బాబూ, అమ్మమని చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. బాగు చేసేవాళ్ల కోసం వచ్చాను" అన్నారాయన. ఇలాంటి ఓనర్ దొరకడం మెకానిక్‌కి అదృష్టం. తొందరపెట్టరు, చూసింది చూసినట్టు చెబుతారు.

అంతకుముందు వేరే షెడ్లలో జరిగిన పనులు ఆయన వరసగా చెప్పారు. రేడియేటర్ విప్పి కోర్ మార్చారు. పెట్రోల్ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే కార్బురేటర్‌ని రెండుసార్లు సర్వీస్ చేశారు. స్పార్కుకి సంబంధించిన పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు అన్నీ కొత్తవి వేశారు. చివరికి ఒకచోట "ఇది వేపర్ లాక్, ఈ కార్లకి మామూలే" అని తేల్చి, డిక్కీలో ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు బిగించారు. ఇంజిన్ పక్కనుండే అసలు పంపుకి పైపులు పీకేసి, పంపుని మాత్రం అలాగే వదిలేశారు.

వేపర్ లాక్ నిజంగా ఉండే సమస్యే. ఫియట్‌లో అసలు పంపు ఇంజిన్‌కి బిగించి ఉంటుంది. ఇంజిన్ వేడికి అందులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరిని పిసుకుతుందే తప్ప పెట్రోల్ని ముందుకు తోయలేదు. దానికి అందరికీ తెలిసిన వైద్యం, పంపు మీద తడిగుడ్డ వేయడం. మాస్టారు కూడా ఇన్నేళ్లూ అదే చేస్తున్నారు. డిక్కీలో నీళ్ల సీసా, గుడ్డ ఎప్పుడూ ఉంటాయి. గుడ్డ వేసి కాసేపు ఆగితే బండి లేస్తుంది.

నేను పట్టుకున్న మొదటి ఆధారం ఇదే. "ఎలక్ట్రిక్ పంపు పెట్టాక కూడా గుడ్డ వేస్తున్నారా?" అని అడిగాను. వేస్తున్నానన్నారు. పనిచేస్తోందా అంటే, పనిచేస్తోందన్నారు. ఏ పంపు మీద వేస్తున్నారో చూపించమంటే ఇంజిన్ పక్కనున్న పంపు చూపించారు. దానిలోకి పెట్రోలు రావడం మానేసి చాలాకాలమైంది. పెట్రోలే లేని పంపుని చల్లబరిస్తే బండి లేస్తోందంటే, బండిని లేపుతున్నది గుడ్డ కాదు. ఆ అరగంట. అరగంటలో చల్లబడేది ఇంకేదో ఉంది.

చాలా పాత బండ్ల విషయంలో జరిగేది ఇదే. వైద్యం పనిచేసినట్టు కనబడితే జబ్బు పేరు కూడా ఖాయమైపోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతి పార్టూ ఆ పేరుకే కొంటారు.

డాక్టరు గారి నోట్‌బుక్

మాస్టారి తండ్రి గారు కారు కొన్న రోజు నుంచి ఒక నోట్‌బుక్ రాశారు. పెట్రోలు, ఆయిలు, ప్లగ్గులు, టైర్లు, ఏ రోజు ఏ ఊరు వెళ్లారు, ఎంత కిలోమీటరు దగ్గర ఏం మార్చారు, అన్నీ పేషెంటు కేస్ షీటులా ఉన్నాయి. తిరుపతి, అన్నవరం, హైదరాబాద్ ప్రయాణాలు మే నెలల్లో కూడా ఉన్నాయి. దారిలో ఆగిన సంఘటనలూ ఉన్నాయి. ఒకసారి ఫ్యాన్ బెల్టు తెగింది. ఒకసారి చీరాల దగ్గర గేరు ఇరుక్కుంటే బానెట్ ఎత్తి చేత్తో లివరు కదిపి విడిపించారు. స్టీరింగ్ గేరు కార్లలో లివరుని గేరుబాక్సుకి కలిపే లింకేజీ బుష్షులు అరిగితే అలాగే జరుగుతుంది. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లకి గ్రీజు పెట్టించిన తేదీలైతే పేజీ పేజీకీ ఉన్నాయి.

కానీ వేడికి ఆగిపోయిందన్న మాట ఆ పుస్తకంలో మొదటి ఇరవై ఏళ్లలో ఎక్కడా లేదు. అది మొదటిసారి కనిపించింది డెల్కో మార్చిన తర్వాత. డెల్కో అంటే ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మా దగ్గర అందరూ అలాగే అంటారు. పాతదాని షాఫ్టు అరిగిపోతే సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేయించారు. దానికి అదే రోజు కొత్త కండెన్సర్ వేశారని కూడా రాసి ఉంది. అంటే పుట్టుకతో వచ్చిన గుణం కాదు ఇది, మధ్యలో వచ్చింది.

ముంబై ట్యాక్సీల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అక్కడ పద్మిని దశాబ్దాలపాటు నలుపు, పసుపు రంగుల్లో రోజంతా తిరిగింది. ట్యాక్సీగా చివరి పద్మిని రిజిస్టర్ అయింది 2003 అక్టోబరులో. 20 ఏళ్ల వయసు పరిమితి నిండి 2023 అక్టోబరు 30 నుంచి అవి రోడ్డు మీద లేకుండా పోయాయి. వాటిలో చాలావాటికి తర్వాతి ఏళ్లలో సీఎన్‌జీ కిట్లు పడ్డాయి కాబట్టి పెట్రోలు ఆవిరి విషయంలో వాటిని సాక్ష్యంగా తేలేం. కానీ అదే ఇంజిను, అదే రకం డెల్కో, స్పార్కుకి ఓల్టేజీ పుట్టించే అదే రకం కాయిలు ట్రాఫిక్‌లో గంటల తరబడి వేడిలో నడిచాయి. టోల్ లైన్లో కాసేపు నిలబడితే ఆగిపోవడం ఈ కారు స్వభావమైతే ట్యాక్సీ వాళ్లు దాన్ని ఒక్క ఏడాది కూడా ఉంచుకునేవాళ్లు కాదు.

ఆగిన క్షణంలో చూడాలి

వేడికి వచ్చే జబ్బుని చల్లటి బండిలో వెతికితే దొరకదు. అందుకే ముందు షెడ్డులోనే దాన్ని ఆపించాలి. మధ్యాహ్నం ఎండలో పెట్టి, బానెట్ మూసి, రేడియేటర్ ముందు సగం దాకా అట్ట అడ్డం పెట్టి స్లోలో నడిపించాం. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోకుండా ఒక కుర్రాడు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మాస్టారు చెప్పినట్టే వణికి ఆగింది.

ఆగిన వెంటనే రెండు పనులు జరగాలి. మొదట కరెంటు. కాయిల్ నుంచి డెల్కోకి వెళ్లే మధ్య వైరు తీసి, ఇంజిన్ బాడీకి కొద్ది దూరంలో పట్టి సెల్ఫ్ కొట్టాం. వచ్చిన స్పార్కు సన్నగా, పసుపు రంగులో, తెగి తెగి పడుతోంది. ఆరోగ్యంగా ఉంటే నీలంగా, గట్టిగా చటుక్కుమని దూకాలి. డెల్కో మూత తీసి చూస్తే పాయింట్ల మధ్య మంట కొడుతోంది. కండెన్సర్ తన పని మానేసిందని ఆ మంటే చెబుతుంది.

రెండోది పెట్రోలు. కాయిల్ వైరు పూర్తిగా విడదీసి, పంపుకి విడిగా కరెంటు ఇచ్చి, కార్బురేటర్ దగ్గర పైపు తీసి సీసాలో పట్టాం. వేడి ఇంజిన్ దగ్గర ఈ పని చేసేటప్పుడు స్పార్కు వచ్చే దారి ఏదీ మిగలకూడదు. కొత్త కుర్రాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే. పెట్రోలు ధారగా వచ్చింది, బుడగలు లేవు. వేపర్ లాక్ కథ అక్కడితో అయిపోయింది.

కండెన్సర్ ఏం చేస్తుందో తెలియకపోతే ఈ జబ్బు అర్థం కాదు. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే ఆ కరెంటు టక్కున ఆగాలి. ఎంత త్వరగా ఆగితే కాయిల్లో అంత ఎక్కువ ఓల్టేజీ పుడుతుంది, వేల ఓల్టులు. కానీ తెరుచుకునే క్షణంలో కరెంటు పాయింట్ల సందులోంచి మంటగా దూకి పారాలని చూస్తుంది. ఆ క్షణం దాన్ని తనలోకి తీసుకునేది కండెన్సర్. అది లేకపోతే మంట పాయింట్ల దగ్గరే పడి, ప్లగ్గు దగ్గరికి సగం బలం కూడా చేరదు.

తీసి మీటరు పెడితే 0.22 మైక్రోఫారడ్ చూపించింది. ఈ రకం డెల్కోకి ఉండాల్సిన విలువకి దగ్గరే. ఇంతకుముందు ఎవరైనా మీటరు పెట్టి ఉంటే బాగుందనే అనుకుని ఉంటారు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ అదే మీటరు చూశాం. కాసేపటికి అంకె ఊగిసలాడి దాదాపు సున్నాకి పడిపోయింది. చల్లారనిస్తే మళ్లీ 0.22. లోపల అతుకు ఒకటి వేడికి విడిపోయి, చల్లారితే మళ్లీ అంటుకుంటోంది. డెల్కోని అంటుకుని ఉండే పార్టు కాబట్టి ఇంజిన్ వేడి నేరుగా దానికి చేరుతుంది. హైవే మీద గాలి తగిలినంతసేపు బతుకుతుంది, టోల్ లైన్లో చస్తుంది.

"కండెన్సర్ కొత్తదే కదా" అన్నారు మాస్టారు. కొత్తదే. మునుపటిదీ కొత్తదే. ఇప్పుడు రెండు, మూడు వందలకి అమ్మే కండెన్సర్లలో ఎక్కువ భాగం లోపల ఏముందో తెలియని సరుకు. కొత్త పార్టు వేశాం కాబట్టి అది బాగుందనుకోవడం పాత కార్ల విషయంలో చాలా ఖరీదైన నమ్మకం. పాత స్టాకులోంచి వచ్చిన నలభై ఏళ్ల కండెన్సర్ మీద కూడా నాకు నమ్మకం లేదు, కాలానికి అవీ పాడవుతాయి. వేడి చేసి చూశాకే ఏదైనా వేస్తాను.

రెండో జబ్బు, మందు వల్ల వచ్చింది

ఆగిపోవడానికి కారణం దొరికింది. మరి అరగంట దాకా లేవకపోవడానికి? కండెన్సర్ చల్లారడానికి అంతసేపు అక్కర్లేదు. మంచి కండెన్సర్ తాత్కాలికంగా పెట్టి, వేడిగా ఉన్న బండిని కావాలనే ఆపి, పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మొండికేసింది. ప్లగ్గులు తీస్తే తడిసి నల్లగా ఉన్నాయి. పెట్రోలు వాసన గుప్పుమంది. ఓవర్‌ఫ్లో.

కార్బురేటర్ దగ్గర గేజి పెడితే ఎలక్ట్రిక్ పంపు 6 పీఎస్ఐ దాకా తోస్తోంది. కార్బురేటర్ నిండగానే పెట్రోల్ని ఆపే ఫ్లోట్ సూది అంత ఒత్తిడి తట్టుకునేది కాదు. దానికి కావలసింది అందులో సగం. పైగా సూది కూర్చునే చోట నల్లటి రబ్బరు నలుసులు దొరికాయి. డిక్కీ నుంచి ముందుదాకా వేసిన రబ్బరు పైపు లోపలి గోడ మెత్తబడి ఊడుతోంది.

ఇక్కడ ఇథనాల్ మాట చెప్పక తప్పదు. 20 శాతం ఇథనాల్ పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకులకీ వచ్చేసింది. పాత రబ్బరు పైపులకీ, పంపు లోపలి పొరలకీ (డయాఫ్రమ్‌లకీ) అది పడదు. రెండో సంగతి, మామూలు పెట్రోలుకి గాలి పాళ్లు సుమారు 14.7కి 1 అయితే, ఈ కలిపిన పెట్రోలుకి 13.5కి 1 దగ్గర ఉండాలి. కంప్యూటర్ ఉన్న కారు తనంతట తనే సర్దుకుంటుంది. కార్బురేటర్ సర్దుకోలేదు. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం, అంటే జెట్టు, పాతదే ఉంటే అదే బండి కొంచెం లీన్‌గా (పెట్రోలు పాలు తక్కువగా), కొంచెం వేడిగా నడుస్తుంది. ఈ ఒక్క విషయంలో కారుదీ తప్పు కాదు, మెకానిక్‌దీ కాదు. కాలం మారింది, మనం జెట్టు మార్చాలి.

అసలు బాధపెట్టింది వైరింగు. ఎలక్ట్రిక్ పంపుకి కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చారో వెతికితే, కాయిల్ పాజిటివ్ వైరు మీద గాటు పెట్టి అతికించారు. పాయింట్లు మూసి, స్విచ్ ఆన్ చేసి కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.4 ఓల్టులు, కాయిల్ దగ్గర 10.2. పంపు వైరు పీకేస్తే కాయిల్ దగ్గర 11. ఇగ్నిషన్ స్విచ్, పాత కనెక్షన్లు కలిసి ఎలాగూ ఒక ఓల్టుకి పైగా తినేస్తున్నాయి. దాని మీద పంపు భారం కూడా పడింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఓల్టేజీ ఇంకా పడిపోతుంది కదా, అప్పుడు కాయిల్‌కి మిగిలేది చాలా తక్కువ. పెట్రోలు కోసం పెట్టిన పంపు ఇటు ప్లగ్గుల్ని తడిపింది, అటు వాటిని వెలిగించాల్సిన కరెంటునీ తగ్గించింది. ఆ పంపు రాకముందు ఈ బండి పది, పదిహేను నిమిషాల్లో లేచేదని మాస్టారు తర్వాత గుర్తు చేసుకున్నారు. అరగంట పట్టడం పంపు తర్వాతే.

చేసిన పని

ఎలక్ట్రిక్ పంపు తీసేశాం. అసలు మెకానికల్ పంపుకి ఇథనాల్ తట్టుకునే డయాఫ్రమ్ వేసి, పంపుకీ ఇంజిన్‌కీ మధ్య ఉండాల్సిన మందపాటి వేడి ఆపే దిమ్మని తిరిగి పెట్టాం. ఎవరో దాన్ని తీసి పల్చటి ప్యాకింగ్ వేశారు, అది కూడా వేడి ఎక్కడానికి ఒక కారణం. రబ్బరు పైపులు ఇథనాల్ తట్టుకునే ఎస్ఏఈ జె30 ఆర్9 రకానివి వేసి, సైలెన్సర్ మానిఫోల్డుకి దూరంగా దారి మళ్లించాం. ఫ్లోట్ సూది కొత్తది. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, ప్లగ్గుల రంగు చూసి ఖాయం చేశాం.

కాయిల్‌కి రిలే పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాం. స్విచ్ ఇప్పుడు రిలేని మాత్రమే నడుపుతుంది. కాయిల్ దగ్గర ఓల్టేజీ బ్యాటరీకి దాదాపు సమానంగా వచ్చింది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే అదీ మార్చాం.

కండెన్సర్ విషయంలో డెల్కో దగ్గర ఉండే రకం వదిలేశాను. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 0.22 మైక్రోఫారడ్, 630 ఓల్టుల ఫిల్మ్ కెపాసిటర్ తెచ్చి, డబ్బాలో బిగించి, ఇంజిన్‌కి దూరంగా కాయిల్ పక్కన బాడీ మీద పెట్టాం. కరెంటు లెక్కలో దాని స్థానం అదే, వేడి లెక్కలో మాత్రం చాలా మేలు. ముందుగా దాన్నీ హెయిర్ డ్రయ్యర్ కింద పెట్టి చూశాం. అంకె కదల్లేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయొచ్చు కదా అని షెడ్డులో కుర్రాళ్లు అడిగారు. వేయొచ్చు, చాలా బండ్లకి వేశాను. కానీ దూరం తిరిగే, తన చేత్తో పని చేసుకోగల ఓనర్‌కి నేను పాయింట్లే ఉంచుతాను. పాయింట్లు కాలిపోతే ఆకురాయి కాగితంతో గీకి, 0.45 మిల్లీమీటర్ల సందు పెట్టుకుని ఇల్లు చేరొచ్చు. మాడ్యూల్ పోతే రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ లేదు. ఇందులో నాతో ఒప్పుకోని మంచి మెకానిక్‌లు ఉన్నారు, వాళ్ల కారణాలు కూడా బలమైనవే.

తర్వాత

మే నెల మధ్యాహ్నం మాస్టారిని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి గుంటూరు వైపు వెళ్లాం. టోల్ లైన్లో కావాలనే పొడుగు వరస ఎంచుకున్నాం. నిలబడింది, వణకలేదు. మంగళగిరిలో ఆపి టీ తాగి వచ్చి స్టార్ట్ చేస్తే కొంచెం ఎక్కువ సెల్ఫ్ పట్టింది. ఇది మిగిలింది, పూర్తిగా పోదు. వేడి ఇంజిన్ ఆపినప్పుడు కార్బురేటర్‌లోని పెట్రోలు కొంత ఆవిరై లోపలికి చేరుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ సగం తొక్కి పట్టి, పదేపదే తొక్కకుండా సెల్ఫ్ కొట్టాలి. నిజంగా ఈ కారు డిజైన్‌లోంచి వచ్చిన ఇబ్బంది అంటే నా లెక్కలో ఇది, గేరు లింకేజీ, కింగ్ పిన్ల గ్రీజు. ఈ మూడూ తెలిసిన ఓనర్‌కి పద్మిని నమ్మదగిన కారే. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లకి నేనే వద్దని చెబుతాను.

నోట్‌బుక్‌లో చేసిన పనీ, కొలతలూ మా చేతిరాతలోనే రాసి ఇచ్చాం: ఏ జెట్టు, ఏ పైపు, కాయిల్ దగ్గర ఎన్ని ఓల్టులు, కెపాసిటర్ ఎక్కడ ఉంది. తర్వాత బానెట్ ఎత్తేవాడికి డెల్కో పక్కన కండెన్సర్ కనిపించకపోతే మళ్లీ ఒకటి తెచ్చి తగిలిస్తాడు, అందుకని బానెట్ లోపల కూడా పెయింటుతో బాణం గుర్తు వేశాం. డిక్కీలో నీళ్ల సీసా, గుడ్డ స్థానంలో ఒక జత పాయింట్లు, ఇంకో కెపాసిటర్, ఫ్యాన్ బెల్టు పెట్టాం. గేరు లింకేజీ బుష్షులు ఇంకా మార్చలేదు. సరైన కొలతవి దొరకలేదు, లేత్‌లో తీయించాలి. ఆ పని కార్తీకంలో చేద్దామని మాస్టారు అన్నారు.